ఆకు లోపలి ఫంగస్‌ను ఫొటోతో వదిలేయకండి

బిళ్ళగన్నేరు మీ వీధిలోనే ఎక్కడో పూసి ఉంటుంది. లుకేమియా చికిత్సలో వాడే విన్‌క్రిస్టీన్ ఈ మొక్క నుంచే వస్తుందని బయాలజీ చదివినవాళ్లకు తెలుసు. దాని ఆకుల లోపల, మొక్కకు ఏ జబ్బూ తేకుండా, ఫంగస్‌లు కాపురముంటాయి. వీటినే ఎండోఫైట్లు అంటారు. బట్టల మిల్లుకు అమైలేజ్, డిటర్జెంట్‌కు ప్రోటియేజ్, క్యాన్సర్ వార్డుకు ఆస్పరాజినేజ్ ఇచ్చే రకాల కోసం పరిశోధకులు ఔషధ మొక్కల్లో వెతుకుతున్నది ఈ ఫంగస్‌లనే.

నేను కోడింగ్ మనిషిని. అయినా చెబుతున్నా, మైక్రోబయాలజీ, బయోటెక్ విద్యార్థులకు ఇంత తక్కువ ఖర్చులో ఇంత అసలైన ప్రాజెక్టు ఇంకోటి నాకు కనిపించలేదు. ఆకును 70 శాతం ఆల్కహాల్‌లో, తర్వాత సోడియం హైపోక్లోరైట్‌లో ముంచి, స్టెరైల్ నీళ్లతో కడిగి, ముక్కలు కోసి పీడీఏ ప్లేటు మీద పెట్టడమే. కొన్ని రోజులకు కోసిన అంచుల్లోంచి పోగులు బయటికొస్తాయి. ఆఖరిసారి కడిగిన నీళ్లను కూడా ఓ ప్లేటులో వేసి చూడండి. అందులో ఏదైనా మొలిచిందంటే, మీకు దొరికింది ఆకు లోపలిదో, పైనున్న దుమ్ములోదో చెప్పలేరు.

నా గొడవంతా ఆ తర్వాతి సంగతి గురించే. స్టార్చ్ ప్లేటు మీద అయోడిన్ పోస్తారు. ఫంగస్ చుట్టూ తేటగా వలయం కనిపిస్తుంది. ఫొటో తీసి రికార్డులో అతికిస్తారు. కల్చర్ ఆటోక్లేవ్‌లోకి పోతుంది. వచ్చే ఏడు జూనియర్లు మళ్లీ మొదటినుంచి! వలయం చెప్పేది ఎంజైమ్ ఉందని మాత్రమే. ఎంత ఉంది, ఏ పీహెచ్‌లో పనిచేస్తుంది, ఎంత వేడికి తట్టుకుంటుంది అన్నదే కంపెనీకి కావాలి. ఆస్పరాజినేజ్ ప్లేటైతే ఇంకా మాయ చేస్తుంది. అమోనియా వెలువడితే ఫినాల్ రెడ్ గులాబీ రంగుకు మారుతుంది, నిజమే. పీహెచ్ ఇంకో కారణంతో పెరిగినా అదే రంగు. పక్కన ఆస్పరాజిన్ లేని ప్లేటు పెట్టకపోతే ఆ ఫొటోను ఎవరు నమ్మాలి?

ఇప్పుడు మందుగా వాడే ఆస్పరాజినేజ్ బ్యాక్టీరియాల నుంచి వస్తోంది, కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తోంది. ఫంగస్‌ల వైపు చూడటానికి అదొక కారణం. అలాగని ఎగిరి గంతేయకండి. 1993లో పసిఫిక్ యూ చెట్టు బెరడులోని ఓ ఫంగస్ టాక్సాల్ తయారుచేస్తోందని తేలినప్పుడు ఎంత హడావుడి జరిగిందో! దిగుబడి మాత్రం లీటరుకు నానోగ్రాముల్లోనే. పైగా చాలా ఎండోఫైట్లు ప్లేటు నుంచి ప్లేటుకు మారుస్తుంటే ఆ గుణాన్నే పోగొట్టుకుంటాయి. అందుకే మొదటి వారంలోనే గ్లిసరాల్‌లో వేసి ఫ్రీజర్‌లో దాచండి. పేరు తేల్చుకోవడానికి ఐటీఎస్ సీక్వెన్సింగ్ చేయించండి. మంచి రకమైతే చండీగఢ్‌లోని ఎంటీసీసీకి పంపమని గైడ్‌ను అడగండి.

మొక్కల కోసం శేషాచలం అడవులకు పరుగెత్తొద్దు, అక్కడ అనుమతులు కావాలి. కాలేజీ వెనక గోడ పక్కనున్న తులసి, వేప, బిళ్ళగన్నేరు చాలు.