మేకకు లొంగని కంచె

సరుకు అమ్ముకోవడానికి పల్లెల నుంచి విశాఖ పూర్ణా మార్కెట్‌కి వచ్చేవాళ్లు ఉత్తచేతులతో తిరిగి వెళ్లరు. సంచిలో పచారీ సామాన్లు, పిల్లలకు పళ్లు, ఇంటికి తాడో మేకులో ఉండాల్సిందే. మేకలున్న ఇంటివాళ్లయితే పాతనగరంలోని ఏ ఇనప సామాన్ల కొట్టు ముందో ఆగి 'కంచె తీగ ఎంత?' అని అడుగుతారు. నిజానికి ధర కంటే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎందుకంటే గేదెను ఆపిన కంచె మేకను ఆపలేదు!

మేకది పేచీకోరు బుర్ర. కంచె కనిపిస్తే ఒళ్లు రుద్దుతుంది. ముందుకాళ్లు దానిమీద వేసి నిలబడుతుంది. సందు దొరికితే తల దూరుస్తుంది. తల వెళ్లినంత తేలిగ్గా వెనక్కి రాదు, కొమ్ములు అడ్డుపడతాయి. గింజుకునేకొద్దీ మెడ బిగుస్తుంది. ఆ సమయంలో ఎవరూ చూడకపోయినా, వీధికుక్కలు చూసినా దాని ప్రాణం దక్కదు. మేకను పేదవాడి ఆవు అంటారు. ఆసుపత్రి ఖర్చుకీ, పిల్లల ఫీజుకీ అమ్ముకునేది దాన్నే. అందుకే కంచె విషయంలో తొందరపాటు పనికిరాదు.

ఏ తీగ మంచిది?

ముళ్లతీగ చవక. అమెరికాలో జోసెఫ్ గ్లిడెన్ దానికి 1874లో పేటెంటు తీసుకున్నది పశువుల కోసమే. కానీ మేక దాని వరసల మధ్యనుంచి దూరిపోతుంది. ఆ దూరడంలో చర్మం చీరుకుంటుంది. పాలిచ్చే మేకకు పొదుగు గాయపడితే పిల్లలకూ పాలుండవు. కాబట్టి ముళ్లతీగ ఒక్కటే నమ్ముకోవద్దు.

చెయిన్‌లింక్ జాలీలో రెండంగుళాల కన్ను ఉన్నది తీసుకుంటే తల దూరదు, పిల్లలూ బయటపడవు. అయితే మేకలు ఎక్కి తొక్కితే జాలీ జారిపోయి సంచిలా వేలాడుతుంది. పైన, మధ్యలో, కింద గట్టి తీగ లాగి జాలీని దానికి కట్టాలి. చతురస్రపు గళ్లున్న అల్లిక జాలీ ఇంకా బిగుతుగా నిలబడుతుంది. దాంట్లో ఆరంగుళాల గడి మాత్రం వద్దు. తల పట్టి, కొమ్ములు చిక్కుకునేది సరిగ్గా అందులోనే. నాలుగంగుళాలు పెద్ద మేకలకు సరే. పిల్లలుంటే కిందిభాగంలో రెండంగుళాల జాలీ అదనంగా కట్టాలి. ఎత్తు కనీసం నాలుగడుగులు, దూకుడు జాతులకు అయిదు.

గేజ్ మాయ

గేజ్ నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 10 గేజ్ అంటే సుమారు 3.25 మిల్లీమీటర్లు, 12 అంటే 2.64. చదరపు అడుగు లెక్కన ధర చెబితే సన్నతీగ జాలీ చవగ్గా అనిపిస్తుంది. అందుకే ఒకే కొలత చుట్టలు రెండింటిని తూకం వేయించండి. తేలిగ్గా ఉన్నదాంట్లో ఇనుము తక్కువన్నమాటే!

విశాఖ ఉక్కు కర్మాగారంలో వైర్‌రాడ్లు తయారవుతాయి. అలాంటి రాడ్లను సాగదీసే తీగ చేస్తారు. కానీ ఉక్కు ఊరైనా సముద్రపు ఉప్పుగాలి ముందు ఉత్త ఇనుము నిలవదు. కరిగిన జింకులో ముంచి తీసిన తీగే కావాలని అడగండి. చెయిన్‌లింక్‌కి ఐఎస్ 2721, ముళ్లతీగకు ఐఎస్ 278 ప్రమాణాలున్నాయి.

ఎంత కావాలి?

ఇరవై మేకలు తిరిగే ఆవరణకు తలా 20 చదరపు అడుగుల చొప్పున 400 చదరపు అడుగులు కావాలనుకుందాం. 20 అడుగుల చతురస్రమైతే చుట్టుకొలత 80 అడుగులు. అదే స్థలాన్ని 40 పొడవు, 10 వెడల్పుగా తీసుకుంటే 100 అడుగులు. చోటు అంతే, జాలీ మాత్రం 20 అడుగులు ఎక్కువ! స్తంభాల మధ్య ఎనిమిది అడుగులు దాటనివ్వకండి. చతురస్రానికి వైపుకు మూడు ఖాళీల చొప్పున 12 స్తంభాలు, గేటు పక్కన మరొకటి చాలు. స్తంభం రెండడుగులు భూమిలోకి దిగాలి.

బిగించేటప్పుడు...

* మూల స్తంభాలకు పెట్టే ఏటవాలు ఆసరా బయటివైపు ఉండాలి. లోపలుంటే మేకకు అదే నిచ్చెన.
* నీళ్లతొట్టి, కట్టెలమోపు, రాళ్లకుప్ప కంచెకు దూరంగా ఉంచాలి.
* తీగ మొనలు బయటికి వంచాలి.
* జాలీ అడుగును మట్టిలో పాతితే కుక్కలు తవ్వలేవు.
* గేటు గొళ్లెం బయటే ఉండాలి. మేక మూతితో లోపలి గొళ్లెం తీసేయగలదు.

కంచెకు ఇంటి కరెంటు తగిలించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. అది నేరం, మనుషుల ప్రాణాలు తీస్తుంది. సోలార్ కంచెలో వాడే పరికరం వేరు. అది సెకనుకోసారి, కన్ను మూసి తెరిచేలోపే పోయే చిన్న షాక్‌ను మాత్రమే పంపుతుంది.

డబ్బు చాలకపోతే తాతలనాటి గచ్చ పొద, వాక్కాయ కంచె ఉండనే ఉన్నాయి. ముళ్లుంటాయి, వాక్కాయలు పచ్చడికీ పనికొస్తాయి. కాకపోతే అవి ఎదిగేదాకా మేకలకు అందకుండా జాలీ కట్టాలి. సుబాబుల్, అవిశ మాత్రం నాటకండి. అవి మేకకు కంచె కాదు, భోజనం!

కంచె ఒక్క మేక కోసమే కాదు, పొరుగువాళ్ల కోసం కూడా. 1871 నాటి పశువుల చొరబాటు చట్టం ప్రకారం మేకా పశువే. చేలో పడి మేస్తే రైతు దాన్ని పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి పంపవచ్చు. జరిమానా కట్టి మేకను తెచ్చుకోవచ్చు. పక్కింటివాళ్లతో పోయిన మాటను తెచ్చుకోవడమే కష్టం.