లాంగ్‌టర్మ్‌కు పంపాలా, వద్దా?

నీట్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఖమ్మంలో తల్లిదండ్రుల నోట ఒకటే మాట వినిపిస్తుంది. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపుదామా, వచ్చిన మార్కులతోనే ఏదో ఒక కోర్సులో చేర్పిద్దామా? పట్నంలో ఉండే కుటుంబానికి ఇది డబ్బుకూ ఓపికకూ సంబంధించిన లెక్క. చర్ల నుంచో, దుమ్ముగూడెం నుంచో, గుండాల నుంచో బస్సెక్కి వచ్చిన కుటుంబానికి అంతకంటే పెద్ద విషయం. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి నీట్ రాసిన ఆ పిల్లే కావచ్చు. ఆ దారి ఎలాంటిదో చెప్పగలిగిన పెద్దదిక్కు ఇంట్లో ఉండదు. బయట చెప్పేవాళ్లకు కొదవ లేదు, కానీ వాళ్లలో అడ్మిషన్ కమీషన్ కోసం చెప్పేవాళ్లూ ఉంటారు.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులు పిల్లల్ని ర్యాంకు దాకా వెంటాడేవి. ర్యాంకు లెక్కలో 25 శాతం వెయిటేజీ వాటిదే. బైపీసీలో మార్కులు తగ్గినవాళ్లు ఎంసెట్ బాగా రాసినా కిందికి జారిపోయేవారు. అందుకే ఇంప్రూవ్‌మెంట్ పరీక్షలు రాసేవారు. నీట్ వచ్చాక ఆ లెక్క పోయింది. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ కేటగిరీ వాళ్లకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 40 శాతం ఉంటే చాలు. ఆపైన 95 శాతం తెచ్చుకున్నా, 60 శాతం తెచ్చుకున్నా సీటు విషయంలో తేడా లేదు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయాలన్న హద్దు కూడా లేదు.

మిగతా ప్రపంచంతో పోలిస్తే ఇది చాలా ఉదారమైన ఏర్పాటు. అమెరికాలో మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసే విద్యార్థి డిగ్రీలో తెచ్చుకున్న గ్రేడ్లన్నీ ఆ దరఖాస్తులోనే కనిపిస్తాయి. మొదటి ఏడాది దెబ్బతిన్న విద్యార్థి ఆ తర్వాత అదనంగా కోర్సులు చదివి, మంచి గ్రేడ్లు తెచ్చుకుని, తాను మారానని చూపించుకోవాలి. మన దగ్గర ఒక ఆదివారం మధ్యాహ్నం రాసే మూడు గంటల పరీక్ష పాత మార్కుల ప్రభావాన్ని తుడిచేస్తుంది. ఆ మూడు గంటలూ దెబ్బతింటే మాత్రం పన్నెండేళ్ల చదువులో ఏదీ అక్కరకు రాదు. లాంగ్‌టర్మ్ గురించి ఏ పక్షాన మాట్లాడినా ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

పంపాలనే వాదనలో చాలా బలముంది. మన్యం పిల్లల మార్కులు వాళ్ల తెలివిని కొలిచినవి కావు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల ఆశ్రమ పాఠశాలలో తెలుగు నేర్చుకుంటుంది. ఆ తెలుగు కుదురుకునేలోపు పుస్తకం ఇంగ్లీషులోకి మారుతుంది. నీట్ పేపర్ 2017 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారన్నది నిజమే. కానీ కోచింగ్, మెటీరియల్, మోడల్ టెస్టులు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు ఆ ఒక్క రోజు తెలుగు పేపర్ తీసుకుని ఏం చేస్తుంది? పైగా బైపీసీలో లెక్కలు పదో తరగతితో ఆగిపోతాయి. ఫిజిక్స్‌కు మాత్రం వెక్టర్లు, త్రికోణమితి, లాగరిథమ్‌లు, కొద్దిగా కలన గణితం కావాలి. పదో తరగతిలోనే లెక్కల టీచరు సరిగా దొరకని పిల్ల ఆ లోటును ఇంటర్ రెండేళ్లలో పూడ్చుకుంటూ, అవే రెండేళ్లలో సిలబస్ కూడా పూర్తి చేయాలి. మనం ఆమెకు తక్కువ మార్కులు వచ్చాయంటున్నాం గానీ, నిజానికి తక్కువైంది ఆమెకు దొరికిన సమయం. అలాంటప్పుడు ఒక ఏడాది అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

సీట్లు కూడా దగ్గరికొచ్చాయి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో మెడికల్ కాలేజీ అంటే ఖమ్మంలోని మమత ఒక్కటే, అది ప్రైవేటుది. 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. పదేళ్ల కిందట ఇవే మార్కులతో ఆశ వదులుకున్న పిల్లలతో పోలిస్తే ఈనాటి పిల్లలకు దారి వెడల్పయింది.

ఆసుపత్రి వైపు నుంచి చూసినా ఇదే పక్షం బలపడుతుంది. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి మన మండలాల వాళ్లే కాదు, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి, ఆంధ్రలో కలిసిన మండలాల నుంచి కూడా వస్తారు. ఓపీలో ఒక తల్లి బిడ్డకు ఎక్కడ నొప్పో కోయలో చెబుతుంది. పక్కనున్న బంధువు తెలుగులోకి మారుస్తాడు. డాక్టరు ఇంగ్లీషులో రాసుకుంటాడు. జ్వరం ఎన్ని రోజుల నుంచి, ముందు చలి వచ్చిందా, మందు ఎన్ని పూటలు మింగించారు అన్న వివరాలు ఆ రెండు మలుపుల్లో ఎక్కడో జారిపోతాయి. మలేరియా తిరిగే చోట ఆ వివరాలకే విలువ. కోయ మాట వచ్చిన డాక్టరు ఆ గదిలో కూర్చోవడానికి మరో ఏడాది ఖర్చయినా అది ఊరికే పోదు.

ఇక రెండో పక్షం. దీన్ని పిరికి మాటగా కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. లాంగ్‌టర్మ్‌కు హాస్టల్‌తో కలిపితే లక్ష దాటుతుంది. పత్తి, మిర్చి వేసుకునే కుటుంబానికి అది ఒక పంట మీద తెచ్చిన అప్పు. ఆడపిల్ల అయితే ఇంకో ఏడాది చదివించమని ఒప్పించడమే గగనం, ఈసారీ రాకపోతే ఆ ఇంట్లో చదువు మాటే ఎత్తనివ్వరు. తోటివాళ్లు డిగ్రీలో చేరిపోతుంటే తాను మాత్రం పాత పుస్తకాలతో, వారం వారం టెస్టులతో, గోడ మీద అంటించే ర్యాంకుల జాబితాతో పది నెలలు గడపాలి. పద్దెనిమిదేళ్ల మనసు మీద అది చిన్న బరువు కాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు గొంతులో తేడా కనిపెట్టాల్సింది తల్లిదండ్రులే, ఆ పని ఏ సంస్థా చేయదు.

మరో అభ్యంతరం ఇంకా గట్టిది. ఆ ఏడాది విలువ పూర్తిగా పిల్ల చేతిలో ఉండదు. 2016లో తెలంగాణలో మెడికల్ ఎంసెట్-2 పేపర్ లీకై రద్దయింది. సెప్టెంబరులో ఎంసెట్-3 పెట్టారు. 2024 నీట్‌లో 1,563 మందికి కలిపిన గ్రేస్ మార్కులు తీసేసి, మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు. దేశంలో కొన్నిచోట్ల పేపర్ లీకైన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025లో ఫిజిక్స్ పేపర్ కఠినంగా వచ్చింది. జనరల్ అర్హత మార్కు ముందటేడు 162 ఉంటే, ఆ ఏడాది 144కు దిగింది. 720కి 720 అంతకుముందు ఏడాది చాలామందికి వస్తే, 2025లో మొదటి ర్యాంకుకే 686. ఇలాంటి పరీక్షను నమ్ముకుని అప్పు చేయడం ఎంత కష్టమో ఆ అప్పు తెచ్చిన తండ్రికే తెలుస్తుంది.

ఇక్కడే క్వాలిఫై అనే మాట చాలా ఇళ్లను ముంచుతోంది. 2025లో అర్హత సాధించినవాళ్లు 12 లక్షల 36 వేల పైచిలుకు. అప్పుడు దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. అంటే సీటుకు పదిమంది. క్వాలిఫై అయ్యాడని విని ఊళ్లో స్వీట్లు పంచిన ఇంటికి ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ప్రైవేటు కాలేజీలో బి కేటగిరీ సీటు అంటారు, దానికి ఏడాది ఫీజే 11 లక్షలు దాటుతుంది. లేదంటే విదేశంలో ఎంబీబీఎస్ అంటారు. అక్కడ చదివి వచ్చినవాళ్లు ఇక్కడ ఎఫ్‌ఎంజీఈ అనే అర్హత పరీక్ష పాసవ్వాలి. మూడింట ఒక వంతు కూడా పాస్ కాని సెషన్లే ఎక్కువ. 2021 నవంబరు నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లీషులో సాగాలి, చదువంతా ఒకే సంస్థలో పూర్తవాలి. ఈ మూడూ అడగకుండా పొలం అమ్మినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. లాంగ్‌టర్మ్‌కు లక్ష పెట్టడానికి వెనకాడి, దీనికి ముప్పై లక్షలు పెట్టడాన్ని నేను ఏ కోణంలోనూ సమర్థించలేను.

తక్కువ మార్కులతో లోపలికి వెళ్లినవాళ్లు అక్కడ నెగ్గుకొస్తారా అనే ప్రశ్న కూడా ఉంది. చాలామంది దీన్ని రిజర్వేషన్ మీద అక్కసుతో అడుగుతారు. నిజమైన ఆందోళనతో అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. రిజర్వేషన్ ప్రవేశం దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత పేపర్ ఒకటే, పాస్ మార్కు ఒకటే. 2023 నిబంధనల ప్రకారం మొదటి ఏడాది పరీక్షలకు నాలుగు అవకాశాలే, కోర్సు మొత్తం తొమ్మిదేళ్లలో ముగించాలి. అందుకని తక్కువ మార్కుల డాక్టరు బయటికొచ్చి ప్రాణాలు తీస్తాడనే మాట తప్పు. కానీ లోపల అనాటమీ, ఫిజియాలజీ పూర్తిగా ఇంగ్లీషులో ఒక్కసారిగా మీద పడినప్పుడు మన్యం పిల్లలు తల్లడిల్లుతారన్నది తప్పు కాదు. సీటొస్తే కష్టాలు తీరాయనుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మన సరిహద్దుకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఖమ్మం జిల్లా పిల్లలు ఇంటర్‌కు విజయవాడ వెళ్లడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. రాష్ట్రం విడిపోయాక పదేళ్లు, అంటే 2024 జూన్ దాకా, ఉమ్మడి ప్రవేశాల వెసులుబాటు ఉంది. ఇప్పుడది లేదు. తెలంగాణ 2024లో తెచ్చిన జీవో 33 ప్రకారం రాష్ట్ర కోటా సీటుకు స్థానికుడు అనిపించుకోవాలంటే ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లూ ఇక్కడే చదివి ఉండాలి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ ఎక్కడ చదివినా దానివల్ల స్థానికత పోదు. ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివితే మాత్రం పోతుంది. భద్రాచలం పక్కనే ఉండి ఆంధ్రలోకి వెళ్లిన ఎటపాక వైపు పిల్లలకు ఇది మరీ గందరగోళం. ఇల్లు ఒక రాష్ట్రంలో, బడి ఇంకో రాష్ట్రంలో. మార్కులు తక్కువయ్యాయని ఏడ్చే ముందు ఏ రాష్ట్రంలో స్థానికులో తేల్చుకోవాలి. తొమ్మిదో తరగతిలో చేర్చేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి.

రిజర్వేషన్‌లోనూ ఒక మాట దాచకూడదు. ఎస్టీ జాబితా ఒక్కటే. చర్ల ఆశ్రమ పాఠశాలలో చదివిన పిల్లా, హైదరాబాదులో కార్పొరేట్ కాలేజీలో చదివిన ఉద్యోగి బిడ్డా అదే వరసలో నిలబడాలి. కాబట్టి కోటా ఉంది కదా అన్న ధీమాతో లాంగ్‌టర్మ్‌లో చేరడం మంచిది కాదు.

మరి తేల్చేదెలా? మొత్తం మార్కులు చూసి తేల్చడం దండగ. ముగ్గురికి 360 వచ్చాయనుకుందాం. మొదటి పిల్లకు బయాలజీలో 270, కెమిస్ట్రీలో 70, ఫిజిక్స్‌లో 20. ఈమె సమస్య లెక్కల దగ్గర ఉంది. మొదటి రెండు నెలలు ఫిజిక్స్ పక్కన పెట్టి పదో తరగతి లెక్కలు, లాగరిథమ్‌లు చెప్పే మనిషి దొరికితే ఒక ఏడాది చాలు. రెండో పిల్లాడికి బయాలజీలో 180, మిగతా రెండింటిలో తొంభై చొప్పున. లెక్క వచ్చు, ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ వరసగా చదవలేదు. ఇతనికీ ఏడాది ఇవ్వొచ్చు, ఎలా చదవాలో కూడా తెలుస్తోంది. మూడో అబ్బాయికి నిరుడు 350, లాంగ్‌టర్మ్ చదివాక ఈసారి 360. ఇతనికి అదే గదిలో అదే పాఠం మళ్లీ చెప్పించడం అన్యాయం. ఈ ముగ్గురినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టి ఒకే టైంటేబుల్ ఇచ్చే చోట డబ్బు కట్టడంలో అర్థం లేదు. ఏ ప్రశ్నకు ఏం పెట్టారో చూపే ఓఎంఆర్ ప్రతిని నీట్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. దాన్ని ముందేసుకోకుండా సలహా చెప్పేవాడి మాట వినొద్దు.

నా అభిప్రాయం ఇది. కారణం తెలిస్తే ఒక ఏడాది పంపాలి, అప్పు చేసి అయినా సరే. ముఖ్యంగా ఇంగ్లీషూ లెక్కలూ ఆలస్యంగా అందిన మన్యం పిల్లలకు ఆ ఏడాది న్యాయంగా రావాల్సిందే. రెండో ఏడాది వద్దు. పరీక్ష రోజు జ్వరమొచ్చిందనో, ఇంట్లో చావు జరిగిందనో స్పష్టమైన కారణం ఉంటే తప్ప. ఆ మూడో అబ్బాయికి అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, బీఎస్సీ నర్సింగ్ ఉంది, బీఏఎంఎస్ ఉంది. వాటిని ఓడినవాళ్ల కోర్సులుగా చూడటం మానాలి. రాత్రి పూట ఏరియా ఆసుపత్రి వార్డులో కోయలో ధైర్యం చెప్పే నర్సు అవసరం డాక్టరు అవసరానికి ఏమాత్రం తీసిపోదు.

ఈ ఎంపికను ఒంటరిగా ఆ కుటుంబాల మీద వదిలేయడం మాత్రం తప్పు. భద్రాచలం ఐటీడీఏకు నా విన్నపం ఒక్కటే. నీట్ ఫలితాలు వచ్చిన వారంలోపు ఆశ్రమ పాఠశాలల్లో, గిరిజన గురుకులాల్లో చదివిన ప్రతి అభ్యర్థినీ తల్లిదండ్రులతో సహా పిలిపించండి. ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు, కౌన్సెలింగ్ నిబంధనలు తెలిసినవాళ్లు ఒకరు, కోయ మాట వచ్చినవాళ్లు ఒకరు కూర్చుని ఒక్కొక్కరి ఓఎంఆర్ చూసి, ఏడాది ఇవ్వాలో వద్దో ముఖాముఖి చెప్పండి. ఇవ్వాలని తేలిన పిల్లల ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.