ఏ మంచును చూడాలి?

సియాటిల్‌లో ఉంటున్న మా అమ్మాయి వచ్చే వేసవిలో మా దంపతులను అలాస్కా ఓడ ఎక్కిస్తానంటోంది. "నాన్నా, గ్లేసియర్ బేనా, హబ్బర్డా? ఇక్కడినుంచి వెళ్ళే వారం రోజుల ప్రయాణంలో సాధారణంగా ఒక్కటే చూపిస్తారు. నువ్వే తేల్చు" అంది. గాజువాక ఉక్కపోతలో కూర్చుని హిమానీనదాలను ఎంచుకోవడం! మా విశాఖవాసులకు తెలిసిన మంచల్లా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలుగా గడ్డకట్టి, పొడై, ఫిషింగ్ హార్బరులో మరబోట్లలోకి జారేదే. (హిమానీనదం అన్న మాట నాకు మహా ఇష్టం. గడ్డకట్టినా కదులుతూనే ఉంటుంది గనుక అది నదమే.)

ఒక మిత్రుడు ఎకసెక్కంగా అన్నాడు: "జీవితమంతా బొగ్గు మండించి, ఇప్పుడు మంచు చూడబోతున్నావా?" మాట తగిలింది. మా ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. రెండు నదులు, మూడోది ఒక హిమాలయ శిఖరం పేరు కూడా. ఓడల్లో దిగుమతైన కోకింగ్ బొగ్గుతో ఆ కొలిములు మండుతుంటే వాటి ముందు నిలబడి నేను పిల్లను చదివించాను. ఆ అన్నానికి క్షమాపణ చెప్పుకోను. అయినా లెక్క చూసుకోక తప్పలేదు.

లెక్క మిత్రుడనుకున్నంత సూటిగా లేదు. 1794లో వాంకూవర్ బృందం చూసినప్పుడు గ్లేసియర్ బే దాదాపు మొత్తం మంచే. 1879లో జాన్ మ్యూర్ వెళ్ళేసరికి ఆ మంచు 70 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. అప్పటికి మా ఊళ్ళో ఉక్కు మాట అటుంచి, రేవే లేదు. రేవు తెరిచింది 1933లో. కనుక ఆ తొలి తిరోగమనాన్ని బొగ్గు ఖాతాలో వేయలేము. మరోవైపు 122 కిలోమీటర్ల హబ్బర్డ్ నేటికీ ముందుకే వస్తోంది. 1986లోనూ, 2002లోనూ రస్సెల్ ఫియోర్డు నోరు మూసేసింది. దాన్ని చూసొచ్చి "భూమికేమీ కాలేదు" అనేవారుంటారు. అదీ తప్పే. ఎత్తయిన పర్వతాల మీద దానికి అందే హిమపాతం చాలా ఎక్కువ, అంతే. ఒక్క హిమానీనదం సాక్ష్యంతో తీర్పు చెప్పరాదు.

ట్రేసీ ఆర్మ్ అనే మూడో చోటును నేనే కొట్టేశాను. అక్కడ 2025 ఆగస్టు 10న కొండచరియ విరిగి సముద్రంలో పడి సునామీ లేచింది. మంచు వెనక్కి తగ్గడంతో కొండకు ఆనుడు పోయింది. మిత్రుడి ఎత్తిపొడుపుకు నా దగ్గర జవాబు లేనిది ఇక్కడే.

చివరకు గ్లేసియర్ బే అన్నాను. హబ్బర్డ్ ముందు తేలే మంచుగడ్డలు ఎక్కువైతే ఓడ దూరంగానే ఆగిపోతుంది. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద ఓడలనే అనుమతిస్తారు. పార్కు రేంజర్లు ఓడెక్కి వివరాలు చెబుతారు. 1794 నుంచి మంచు ఎక్కడెక్కడ ఉండేదో చూసుకుంటూ గంటల తరబడి ఆ దారిన పోవచ్చు. నాకు కావలసింది అదే.

మా ఆవిడ మాత్రం ఏ వైపు గది తీసుకోవాలని అడిగింది. మంచు ముందు ఓడను మెల్లగా తిప్పుతారట గనుక, ఏ వైపయినా ఒకటేనన్నాను.