నేరేడువన్నె చెప్పు సాక్ష్యము

రక్తపు క్యాన్సరు సోకిన బిడ్డతల్లి యొకతె, “ఏ మందు పనిచేయునో ముందుగఁ దెలియదా?” యని మమ్మడిగినది.

1948లో బోస్టను వైద్యుఁడు ఫార్బరు ప్రకటించిన వృత్తాంతమున, భీమవరమునఁ బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సమకూర్చిన అమినోప్టెరిను 16 మంది బిడ్డల కీయఁగా 10 మందికిఁ దాత్కాలికముగ గుణమిచ్చెను. ఎవరికి గుణమిచ్చునో తెలియఁజేయు పరీక్ష నాఁడు లేదు.

నేఁ డట్టిది కలదు. రోగి దుష్టకణములను చిన్నగుంటల పలకలో వేసి, గుంటగుంటకు మందు మార్చి, నాలుగు దినము లుంతురు. పిదప పసుపురంగు కలుపఁగా బ్రతికిన కణములు దానిని నేరేడువన్నెకు మార్చును, చచ్చినవి మార్పఁజాలవు. పలకలో మందులకు లొంగని కణములుగల బిడ్డలకు వ్యాధి తిరుగఁబెట్టుట యెక్కువయని 1991లో ఆమ్‌స్టర్డాము పరిశోధకులు తెలిపిరి.

అయినను పలక శరీరము కాదు. అమినోప్టెరినుకుఁ దోఁబుట్టువగు మెథోట్రెక్సేటు నేఁటికిని బిడ్డలను గాపాడుచున్నది. ఈ పరీక్షలో మాత్రము దాని బలము సరిగాఁ గనఁబడదు. చచ్చిన కణములనుండి వెలువడిన పదార్థములను బ్రతికినవి గ్రహించి మందు దెబ్బను దప్పించుకొనును.

కావున పలక వైద్యునకు సాక్షి మాత్రమే. ఆయన విధించిన మందును నడుమ మాన్పవలదని యా తల్లికిఁ జెప్పితిమి, మీకును జెప్పుచున్నాము.