నీలిమందు సీమ, ఆధునిక చిత్రం

ఆధునిక చిత్రకళ పుట్టుక చెప్పేవారు పారిస్‌తో మొదలుపెట్టి పారిస్‌తోనే ముగిస్తారు. కడప, కర్నూలు జిల్లాల ఊసు ఆ కథలో రాదు. రంగు ఎక్కడ తయారైందని అడిగితే తప్పక వస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందుకు పేరుపడ్డ జిల్లాల్లో ఈ రెండూ ఉండేవి. కోసిన ఆకును తొట్లలో నానబెట్టి, ఆ నీటిని బాగా చిలికి, అడుగున పేరిన మడ్డిని కాచి, పిండి, బిళ్లలుగా ఆరబెట్టేవారు. అవి ఓడలెక్కి ఐరోపా అద్దకం మిల్లులకు చేరేవి. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ ప్రయోగశాలలో పుట్టిన నీలిరంగును బజారులోకి తెచ్చింది. కొన్నేళ్లలోనే ఇక్కడి సాగు కూలిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ సరుకు ఆగినప్పుడు కాస్త తేరుకున్నా, అది నిలవలేదు.

రైతు నోటిదగ్గర కూడు లాక్కున్న ఆ రసాయనశాస్త్రమే ఐరోపా చిత్రకారుడి రంగుల పెట్టె నింపింది. 1860ల చివర వచ్చిన కృత్రిమ ఎరుపు రంగు అలిజరిన్ మన కోస్తా అద్దకంవాళ్ల చిరివేరు ఎరుపును వెనక్కి నెట్టి, చిత్రకారుల ట్యూబుల్లోకీ చేరింది. 1841లో వచ్చిన తగరపు రంగు ట్యూబు వల్లే రంగులు ఆరుబయటికి మోసుకెళ్లి గీయడం తేలికైంది. పోలిక దించే పని కెమెరాకు పోయింది. ఆరుబయట గీసిన మోనే వంటి చిత్రకారుల స్వేచ్ఛను వట్టి ప్రతిభగా చెప్పడం సగం చరిత్రే.

మనవైపు మార్పు రైలెక్కి వచ్చింది. 1871లో మద్రాసు రైలుమార్గం కడప మీదుగా రాయచూరు దాకా సాగి బొంబాయితో కలిసింది. ఆ బొంబాయిలోనే 1894లో, దేవుళ్ల పటాలు అచ్చువేసే చిత్రకారుడు రవివర్మ అచ్చుకూటం మొదలైంది. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి కూడా దేవుడి పటం వెళ్లగలిగింది. నా దృష్టిలో ఏ శైలి కన్నా ఇది పెద్ద మార్పు.

అచ్చుయంత్రాన్నే సృజనకు పనిముట్టు చేసుకున్న కళాకారుడొకరు రాయలసీమలోనే పుట్టారు. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో జన్మించి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చదివి, లండన్ మీదుగా పారిస్ చేరారు. అక్కడ హేటర్ నడిపిన అటెలియే 17 ముద్రణశాలలో, హేటర్, తోటి కళాకారుడు కైకో మోతీలతో పాటు కొత్త పద్ధతికి రూపమిచ్చారు. ఆ పద్ధతిలో రంగుకో ఫలక అక్కర్లేదు. ఒకే లోహపు ఫలకను రకరకాల లోతుల్లో చెక్కుతారు. నూనె పాలు మార్చి సిరాల చిక్కదనం మారుస్తారు. గట్టి రోలరు పైమట్టాన్నే తాకుతుంది, మెత్తనిది లోతులకు దిగుతుంది. పలుచని సిరా పరుచుకున్న చోట చిక్కని సిరా అంటదు. అన్ని రంగులూ అచ్చుయంత్రం ఒక్క తిప్పుకే కాగితం మీద పడతాయి. 1968లో పారిస్ విద్యార్థులు వీధికెక్కితే, ఆయన ‘డెమాన్‌స్ట్రేటర్స్’ ముద్రించారు. 1972లో పద్మశ్రీ వచ్చింది.

2020లో కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కృష్ణారెడ్డి ముద్రణలు కొన్నింటినైనా ప్రభుత్వం సేకరించి అక్కడ ఉంచాలి. సీమ పిల్లలు వాటిని పుస్తకంలో బొమ్మలుగా కాక, సిరా మందం కంటికి తెలిసేంత దగ్గరగా చూడాలి.