చేతులు కడిగికొనుట

ఇటీవల తరగతిలో కొన్ని ఆంగ్ల జాతీయముల కర్థము వ్రాయుమని యడుగగా, ‘టు వాష్ వన్స్ హాండ్స్’ అను దానికి ఒక బాలుడు ‘భోజనము ముగించుట’ యని వ్రాసెను. తరగతి యంతయు నవ్వెను, మేమును నవ్వితిమి. కాని విస్తరి ముందునుండి లేచి చేయి కడిగికొనుటయే యెఱిగిన తెలుగు బాలుడు మఱేమి వ్రాయగలడు? అర్థమును వల్లె వేయించి, పుట్టుకను జెప్పకుండుట మా లోపమే. దాని నిచ్చట దిద్దుకొనుచున్నాము.

ఒక పనితో గాని మనుష్యునితో గాని తనకిక సంబంధము లేదనియు, కలుగబోవు ఫలమునకు తాను బాధ్యుడు కాడనియు చెప్పివైచుటయే ఈ జాతీయమున కర్థము. మన ‘చేతులు దులుపుకొనుట’ దీనికి మిక్కిలి దగ్గఱ.

దీని మూలము మత్తయి సువార్త 27వ అధ్యాయము 24వ వచనమున నున్నది. పొంతి పిలాతు క్రీ. శ. 26 మొదలు 36 వఱకు యూదయకు రోమా అధిపతి. యేసునందు అతనికి దోషమేమియు గానరాలేదు. విడిచిపెట్టు అధికారము అతని చేతిలోనే యుండెను. ఆ నీతిమంతుని జోలికి పోవలదని భార్యయు వర్తమాన మంపెను. అయినను జనుల కేకలకు లొంగి, నీళ్లు తెప్పించి, అందఱి యెదుట చేతులు కడిగికొని, ఆ రక్తము విషయమై తాను నిరపరాధినని పలికి, ఆయనను సిలువ కప్పగించెను. నాలుగు సువార్తలలో ఈ నీళ్ల సంగతి వ్రాసినవాడు మత్తయి యొక్కడే. 1526లో టిండేలు క్రొత్త నిబంధనమును ఆంగ్లమున అచ్చువేయించెను. 1611లో జేమ్సు రాజు నాటి భాషాంతరము వెలువడెను. తరతరములుగా గుడిలోను ఇంటిలోను చదువబడుటచే ఆ గ్రంథములోని మాటలు పెక్కులు ఆంగ్లేయుల నోళ్ల నానినవి. వానిలో నిది యొకటి.

ఇట్లు చేతులు కడుగుట పిలాతునకు ముందే యూదులలో నున్న యాచారము. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయమును జూడుడు. పొలములో హతుడైన మనుష్యుడు కనబడి, చంపినవా డెవడో తెలియనిచో, శవమునుండి చుట్టునున్న యూళ్లకు దూరము కొలువవలెను. అన్నిటికంటె దగ్గఱి యూరి పెద్దలు ఒక పెయ్యను ఏటి లోయకు దోలుకొనిపోయి, దాని మెడ విఱుగదీసి, దానిపై చేతులు కడిగికొని, ఆ రక్తమును తాము చిందింపలేదని చెప్పి, క్షమాపణ వేడవలెను. తాము చేయని హత్యకు సయితము ఆ పెద్దలు ముందుకు వచ్చి జవాబు చెప్పుచున్నారు. పిలాతో, తాను తీర్చవలసిన న్యాయమునకే జవాబు చెప్పక తప్పించుకొనెను. క్రియ యొక్కటియే, అర్థము తలక్రిందులైనది.

కావున ఈ జాతీయము నిర్దోషత్వమును జెప్పునది కాదనియు, పలికినవానిపైననే మోపబడు నేరమనియు మా యభిప్రాయము. మా చిన్ననాట ఒక పాఠశాలలో కిటికీ అద్దము పగులగా, ఏ పాపము నెఱుగని బాలునికి దెబ్బలు తగిలెను. పగులగొట్టినవా డెవడో మేమెఱుగుదుము. ‘మనకేల?’ యని యూరకుంటిమి. మా చేతులు బంతిని తాకలేదు, నిజమే. కాని ఆ బాలుడు మావైపు చూచిన చూపు నేటికిని మఱపురాదు.

పాఠము చెప్పితిమి గదా యని ఉపాధ్యాయులును, బడికి పంపితిమి గదా యని తలిదండ్రులును, మా నేరము కాదు గదా యని విద్యార్థులును ఇట్లే చేతులు కడిగికొనుచుందురు. చేయగలిగియు చేయని దానిని ఏ నీళ్లును కడుగజాలవు. విద్యార్థులారా! ఈ జాతీయమును పరీక్షలో చక్కగా వ్రాయుడు. నడవడిలో మాత్రము వాడకుడు.