‘కాల్’ అంటే నిన్నా, రేపా?

‘కాల్ థేకే బ్యథా’ అంటాడు కోల్‌కతా వార్డులో రోగి. నిన్నటి నుంచి నొప్పి అని. అదే ‘కాల్’ ఇంకో వాక్యంలో ‘రేపు’ అవుతుంది. ‘పొర్‌శు’తో ఇంకా చిక్కు: మొన్నకూ ఎల్లుండికీ అదే మాట. క్రియను బట్టి పోల్చుకోవాలి. ఆ క్రియే పట్టుబడని తెలుగు పిల్లవాడు కేస్ షీట్‌లో ఏ తేదీ వేస్తాడు?

నీట్ ఆల్ ఇండియా కోటా 15 శాతం సీట్లలో కోల్‌కతా కాలేజీలను ఎంచుకోబోయే ఇళ్లకు ఇది హెచ్చరిక. ర్యాంకు, ఫీజు, హాస్టలు, హౌరా రైలు అన్నీ వాకబు చేస్తాం. భాష మాటెత్తితే ‘నాలుగు రోజులుంటే అదే వస్తుందిలే’ అంటాం. రాదు. మనవాళ్లు నలుగురూ ఒకే గదిలో చేరతారు, ఒకే టేబులు దగ్గర తింటారు. వచ్చిన బెంగాలీ బేరం దగ్గరే ఆగిపోతుంది. రెండో ఏడు వార్డు పోస్టింగులు వచ్చిపడతాయి.

అసలు ముప్పు అంతకుముందే, క్లాసులో మొదలవుతుంది. ఇంగ్లీషులో నడిచే పాఠం మధ్యలో బెంగాలీలోకి జారుతుంది. ఏదో చమత్కారం, అందరూ నవ్వుతారు. మనవాడూ నవ్వేస్తాడు. ఆ నవ్వుకే భయపడాలి. అర్థం కాలేదని చెప్పకపోవడం అక్కడ అలవాటై రోగి మంచం దాకా వెంట వస్తుంది. ఛాతీలో బరువును రోగి ‘గ్యాస్’ అనేయవచ్చు. (మన ఊళ్లోనూ అంటారు, కాకపోతే అక్కడ తర్వాతి ప్రశ్న వేయడం మనకు వచ్చు.) ‘బుకే చాప్’ అంటే గుండెల మీద ఒత్తిడి అని తెలియనివాడు యాంటాసిడ్ దగ్గరే ఆగిపోతాడు.

వైద్య విద్యార్థుల ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని 2019 నుంచీ ఉంది. హాజరు సంతకాలతో దాన్ని ముగించే కాలేజీ రోగిని మోసం చేస్తున్నట్టే. 1835లో పుట్టిన కలకత్తా మెడికల్ కాలేజీ 1852లోనే బెంగాలీలో వైద్యం చెప్పే తరగతి పెట్టింది. ఆ ఊరికి ఇది కొత్త పాఠం కాదు.

యాసను వెక్కిరిస్తే సరదా అని సర్దుకోవద్దు. భాషను, ప్రాంతాన్ని పట్టుకుని వేధించడం కూడా ర్యాగింగేనని యూజీసీ 2016 సవరణలో రాసింది. హెల్ప్‌లైన్ 1800-180-5522.

విదేశాలకు పంపేవారికీ ఒక మాట. బోధన ఇంగ్లీషులో ఉండాలని 2021 నిబంధన ఉంది, నిజమే. జార్జియా రోగి మాత్రం ఇంగ్లీషులో మూలగడు.

కోల్‌కతా వెళ్లే పిల్లలూ, లిపి తర్వాత చూసుకోవచ్చు, ముందు రోగి మాటలు ఒక వంద పట్టండి. ‘మాథా ఘుర్‌ఛే’ అంటే తల తిరుగుతోంది, అచ్చం మన నుడికారమే. రోగి వెంట వచ్చినవాళ్ల అరకొర హిందీని నమ్మి మందు రాయకండి, పక్కనున్న సిస్టర్ దీదీని అడగండి. ‘ఆబార్ బోలున్’, మళ్లీ చెప్పండి అని. ఆ రెండు మాటలైనా రైలెక్కకముందే నోటికి రావాలి.